మొదట వచ్చినవాడు మొదటివాడెలా అవుతాడు?

లోకంలో ఇంకా కొన్ని మూఢనమ్మకాలు మిగిలే ఉన్నాయి. పందెంలో అందరికంటే ముందున్నవాడే గెలిచినట్టు అనేది వాటిలో ఒకటి. దాన్ని రూపుమాపడానికి ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటారు పందేలను నడిపే సంస్థ) పెద్దలు పడుతున్న పాట్లకు దక్కాల్సిన గౌరవం దక్కలేదని నా బాధ. వాళ్లకు శాలువా కప్పే స్తోమత నాకు లేదు కాబట్టి ఈ వ్యాసంతో సరిపెడుతున్నాను.

ర్యాలీ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. మట్టిరోడ్డో, మంచుదారో, కొండమలుపో. కార్లు ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా బయల్దేరతాయి. పక్కన కూర్చున్న కో-డ్రైవరు నోట్‌బుక్ చూసి మలుపులు చదువుతుంటే డ్రైవరు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తోలుతాడు. దారిని ముక్కలు చేసి ఒక్కో ముక్కను స్టేజ్ అంటారు. ఒక్కో స్టేజ్‌కి పట్టిన సమయాన్ని కూడుకుంటూ పోతే, చివర్లో ఎవరి మొత్తం తక్కువో వాడే విజేత. రెండో తరగతి కూడిక. 2024లో సార్డీనియాలో రెండువందల కిలోమీటర్లకు పైగా దుమ్ములో కొట్టుకున్నాక ఓట్ తానక్ 0.2 సెకన్ల తేడాతో సెబాస్టియన్ ఓజియేని ఓడించాడు. కనురెప్ప వేసేంత తేడా, అయినా తగాదా లేదు, పంచాయితీ లేదు. ఆటను ఇంత తేలిగ్గా అర్థమయ్యేలా వదిలేస్తే ఇక పెద్దమనుషులకు పనేముంటుంది?

అందుకని పాయింట్లు కనిపెట్టారు. 1997 నుంచి 2002 దాకా గెలిచినవాడికి 10, రెండోవాడికి 6. 2003లో రెండోవాడి మీద జాలేసి 8 చేశారు. 2010లో 25, 18 అన్నారు. 2011లో పవర్ స్టేజ్ అని చివరి స్టేజ్‌కి కొసరు పెట్టారు, 3-2-1. కొసరు చాల్లేదనిపించి 2017లో దాన్ని 5-4-3-2-1 చేశారు. ఇంతవరకూ ఒక లోపం మాత్రం అలాగే ఉండిపోయింది. రెండోవాడు పవర్ స్టేజ్ ఊడ్చేసినా 18కి 5 కలిపితే 23 దాటడు. అంటే గెలిచినవాడికే ఎప్పుడూ ఎక్కువ. మూఢనమ్మకం చెక్కుచెదరలేదు.

2024లో దాని పని పట్టారు. పైకి చెప్పిన కారణం ర్యాలీ చివరి రోజైన ఆదివారం. శనివారానికే ఎవరి స్థానం ఏమిటో తేలిపోతుండటంతో, ఆదివారం డ్రైవర్లు టైర్లు దాచుకుంటూ, పవర్ స్టేజ్ కోసం కాచుకుంటూ షికారుగా నడుపుతున్నారట. కాబట్టి ఆ ఏడు శనివారం రాత్రి ముందున్నవాడికి 18 పాయింట్లు, వెనకవాళ్లకు వరసగా తక్కువ రాసిపెట్టారు. కాకపోతే ఆదివారం ర్యాలీ పూర్తి చేస్తేనే అవి చేతికొచ్చేవి. ఆదివారాన్ని వేరే పందెంగా లెక్కేసి మొదటి ఏడుగురికి 7 నుంచి 1 దాకా. ఆపైన పవర్ స్టేజ్ కొసరు ఎలాగూ ఉండేది. ఇన్ని రకాల పాయింట్లలో ర్యాలీ గెలిచినందుకంటూ ప్రత్యేకంగా ఇచ్చింది ఎంత? ఏమీ లేదు.

ఫిబ్రవరిలో స్వీడన్ ర్యాలీ వచ్చింది. హ్యుందాయ్ తోలే ఎసాపెక్కా లాపీ, 2017లో ఫిన్లండ్‌లో గెలిచాక మళ్లీ గెలుపు మొహం చూడని మనిషి, శనివారానికి నిమిషానికి పైగా ముందున్నాడు. ఆదివారం ఆ మంచులో ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపి ర్యాలీ గెలిచాడు.

ఆ సాయంత్రం మా మేనమామ మా ఇంట్లోనే ఉన్నారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. టీ తాగుతూ నా ఫోన్‌లోకి తొంగిచూశారు.

"ఎవర్రా గెలిచింది?"

"లాపీ, మామయ్యా."

"ఎన్నొచ్చాయి?"

"19."

"రెండోవాడికి?"

"ఎవాన్స్‌కి 24."

మామయ్య టీ గ్లాసు కింద పెట్టారు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని ఫోన్ చూశారు. తర్వాత చాలా నెమ్మదిగా, "పేపర్లు దిద్దిందెవర్రా?" అన్నారు.

దిద్దిందెవరో నాకు తెలుసు కానీ, ఆయన బీపీ మనిషి. చెప్పలేదు.

నిజానికి ఈ పెద్దల ఆలోచనలో మొదటినుంచీ ఒక పద్ధతి ఉంది, మనమే గమనించలేదు. మట్టి ర్యాలీల్లో చాంపియన్‌షిప్‌లో ముందున్నవాడు శుక్రవారం అందరికంటే ముందు బయల్దేరాలి. గౌరవం అనుకునేరు. రోడ్డు మీది వదులు కంకరంతా వాడి చక్రాలే ఊడవాలి, వెనక వచ్చేవాళ్లకు దారి శుభ్రంగా దొరుకుతుంది. పాయింట్ల పట్టికలో పైకి ఎక్కినవాడి చేతికి చీపురిచ్చే ఆట ఇంకోటి ఉందేమో నాకు తెలియదు. కార్లు చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాల్సిన టైమ్ కంట్రోల్ దగ్గరి నిబంధన ఇంకా ముచ్చటైనది. చెప్పిన వేళకంటే ఒక నిమిషం ముందొస్తే నిమిషం జరిమానా. నిమిషం ఆలస్యంగా వస్తే 10 సెకన్లే. అంటే ముందు రావడం ఆలస్యం కంటే ఆరు రెట్లు పెద్ద నేరం. ఈ ఒక్క నిబంధన చదివాకే ఎఫ్‌ఐఏ మనవాళ్లదే అనిపించింది. మన పెళ్లిళ్లలో ఏడింటికని కార్డులో చూసి సరిగ్గా ఏడింటికే వెళ్లినవాడికి తెలుస్తుంది ఆ నిమిషం విలువ.

ఇక మాట మీద నిలబడటం. 2022లో పైతరగతి ర్యాలీ1 కార్లకు 100 కిలోవాట్ల హైబ్రిడ్ మోటారు తగిలించారు, భవిష్యత్తు విద్యుత్తుదే అని. 2024 ఫిబ్రవరిలో, వచ్చే ఏడాది నుంచి హైబ్రిడ్ తీసేస్తున్నాం అన్నారు. జూన్‌లో, అబ్బే, తీయట్లేదు, 2026 చివరిదాకా ఉంచుతున్నాం అన్నారు. నవంబరులో, తీసేస్తున్నాం, జనవరి నుంచే అన్నారు. పిల్లి తన పిల్లల్ని ఇల్లు మార్చడానికి ఇంతకంటే ఎక్కువ వ్యవధి తీసుకుంటుంది. పాపం, కారు తయారుచేసే ఇంజనీర్ల సంగతేమో గానీ కారు మాత్రం బాగుపడింది. కనీస బరువు 1260 కిలోల నుంచి 1180కి దిగింది. ఏడాదిపాటు నలిగితే ఎవరైనా చిక్కిపోతారు.

భాషాసేవ కూడా మరవలేదు. 2025 స్వీడన్‌లో స్టేజ్ చివర మైకు ముందు ఆద్రియాన్ ఫుర్మో తన పొరపాటు గురించి చెబుతూ నోరు జారాడు. 10,000 యూరోలు జరిమానా, మళ్లీ జారితే ఇంకో 20,000. డ్రైవర్లంతా ఒక్కటై కెన్యా సఫారీ ర్యాలీలో మైకు పెడితే మౌనం పాటించారు, లేదంటే ఎవరి మాతృభాషలో వాళ్లు మాట్లాడారు. మే నెలలో మూల జరిమానా 5,000కి తగ్గింది. పెట్రోలు ధర సంగతి పక్కన పెడితే, బూతు ధర సగానికి సగం తగ్గడం మాత్రం డ్రైవర్లకు పెద్ద ఊరట.

అదలా ఉంచండి. 2025కి పాయింట్లు మళ్లీ మార్చారు. ర్యాలీ గెలిస్తే 25 మళ్లీ వచ్చింది. రెండోవాడికి 18 కాస్తా 17 అయింది. ఆదివారం పాయింట్లు తగ్గాయే గానీ పోలేదు, 5-4-3-2-1. పవర్ స్టేజ్ అలాగే ఉంది. ఆ ఏడు ఓజియే 14 ర్యాలీల్లో మూడింటికి డుమ్మా కొట్టి మరీ తొమ్మిదోసారి చాంపియన్ అయ్యాడు. ఒక్కటీ మానకుండా అన్నింటికీ హాజరైన ఎవాన్స్ 4 పాయింట్ల తేడాతో అయిదోసారి రెండోవాడయ్యాడు. హాజరుపట్టీకి మార్కులుండవని ఆ అబ్బాయికి ఎవరూ చెప్పినట్టు లేదు.

కొత్త లెక్క తెలిసిన రోజే మామయ్యకు ఫోన్ చేశాను, ఆయన మనసు కుదుటపడుతుందని. "మామయ్యా, గెలిచినవాడికి 25 ఇచ్చేస్తున్నారు, ఇక గొడవ లేదు" అన్నాను. ఆదివారానికి ఎన్ని, చివరి స్టేజ్‌కి ఎన్ని అని అడిగి, ఆగమన్నారు. క్యాలెండరు కాగితం చింపిన చప్పుడు, పెన్ను గీకిన చప్పుడు వినిపించాయి.

"ఒరేయ్, గెలిచినవాడు ఆదివారం జాగ్రత్తగా నడిపి ఏమీ తెచ్చుకోలేదనుకో. 25 దగ్గరే ఆగిపోతాడు కదా?"

"అవును."

"రెండోవాడికి 17. ఆదివారం 5, చివరి స్టేజ్ 5. మొత్తం 27."

నేనేమీ మాట్లాడలేదు.

"మూడోవాడికి 15. దానికి ఇంకో 10 కలుపు. వాడికీ 25 వచ్చాయిరా" అని, కాసేపాగి, "వీళ్లు నా దగ్గర చదువుకున్నవాళ్లు మాత్రం కాదు" అని ఫోన్ పెట్టేశారు.