సవరణ: అది వైట్ ఆల్డర్ కాదు

పోయిన వారం సియాటెల్ దగ్గర వాగు గట్టున తీసిన చెట్టు ఫొటో పెట్టి ‘వైట్ ఆల్డర్’ అని రాశాను. తప్పు నాదే, అది రెడ్ ఆల్డర్. బెరడు సున్నం కొట్టిన గోడలా ఉంటే పేరూ అదే అయి ఉంటుందనుకున్నాను. ఆ తెలుపు చాలావరకు బెరడు మీద పొరలా పట్టిన లైకెన్లది (శిలీంధ్రం, నాచు కలిసి పెరిగేవి). గాటు పెడితే లోపలి బెరడు కాసేపటికి ఎర్రబారుతుంది, పేరు అందుకే వచ్చింది.

ఇక్కడి చెట్ల గుర్తింపు పుస్తకాలు తిరగేస్తే తేలిందేమిటంటే, చూడాల్సింది ఆకు అంచు. రెడ్ ఆల్డర్ ఆకు అంచు, పైట కొంగు మడిచి కుట్టినట్టు, సన్నగా కిందికి ముడుచుకుని ఉంటుంది. ఆకు తిరగేసి వేలితో తడిమితే తెలిసిపోతుంది. వైట్ ఆల్డర్‌కు ఆ మడత ఉండదు. పైగా వాషింగ్టన్ రాష్ట్రంలో అది సహజంగా పెరిగేది కాస్కేడ్ పర్వతాలకు తూర్పున. మేముండే పడమటి వైపు ఎటు చూసినా రెడ్ ఆల్డరే. ఇన్నేళ్లుగా ఇక్కడుంటూ ఈ మాత్రం గమనించలేదు!

సాల్మన్ చేపకు పొగపెట్టే కట్టె ఇదేనని రాసింది మాత్రం సరైనదే. పాత పోస్టులో పేరు మార్చాను.