చప్పిడి కూర ఇంట్లో ఒక్కరికేనా?

ఆహార నియమాల విషయంలో విజయవాడ చూడని విపరీతం లేదు. కృష్ణ ఒడ్డున ఒకరు ఉప్పు, నూనె పూర్తిగా మానేయమన్నారు. కొన్నేళ్లకు ఇదే ఊరి నుంచి మరొకరు అన్నం మానేసి కొబ్బరినూనె తాగమన్నారు. రెండు పిలుపులకూ జనం కిక్కిరిసి వచ్చారు. ఆ కథలు పాఠకులకు తెలిసినవే. ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. ఆ నియమాలు పాటించిన ఇళ్లలో వంట ఎవరు చేశారు?

ఇంట్లో ఒక్కరి కోసం వేరే గిన్నె పొయ్యి మీదికి ఎక్కించే ఏ పద్ధతీ ఎక్కువ కాలం నిలవదని నా గట్టి నమ్మకం. అందరూ తినే గిన్నెలోనే చిన్న మార్పు రావాలి. ఆ మార్పు ఎంత చిన్నదైతే అంత మంచిది.

గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ సత్యనారాయణపురంలోనో ఒక మామూలు ఇంటి రాత్రి వంట చూడండి. ఆయనకు షుగరు కాబట్టి రెండు పుల్కాలు, చప్పిడి బీరకాయ కూర. పిల్లలకు అది గొంతు దిగదు కాబట్టి బంగాళాదుంప వేపుడు. అత్తగారికి మెత్తటి అన్నం, పలుచని చారు. ఇవన్నీ వండి, వడ్డించి, పొయ్యి గట్టు తుడిచేసరికి ఇల్లాలికి మిగిలేది అడుగున ఇంత అన్నం. కూర అయిపోయి ఉంటుంది. ఆవకాయ కలుపుకొని నాలుగు ముద్దలు తిని, మజ్జిగ పోసుకుని లేస్తుంది. ఆ ఇంట్లో ఆరోగ్యకరమైన ఆహారం వండుతున్న మనిషే అందరికంటే అధ్వానంగా తింటోంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. దానికి కారణాలు అనేకం. చివరి పంక్తిలో తినే అలవాటును మాత్రం ఆ జాబితాలోంచి తీసేయలేం.

అందుకే ఉప్పుతో మొదలుపెట్టమంటాను. దానికి వేరే గిన్నె అక్కర్లేదు. మన వంట మాట వస్తే చాలు, అందరూ గుంటూరు కారాన్ని నిందిస్తారు. కారం కడుపులో మంట పుట్టించవచ్చు గానీ రక్తపోటు పెంచేది దాని పక్కన ఉన్న ఉప్పే. గోంగూర పులుపుకు, పండుమిరప కారానికి సరితూగాలని చేతికి వచ్చినంత ఉప్పు వేస్తాం. దాని మీద అప్పడాలు, వడియాలు, ఊర మిరపకాయలు. దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అంటే ఒక టీ చెంచాకు కాస్త తక్కువ. దీన్ని చెంచాలతో కొలవడం ఏ ఇంట్లోనూ సాగదు. ప్యాకెట్టుతో కొలవండి. నలుగురున్న ఇంటికి రోజుకు 20 గ్రాములు, నెలకు 600. కిలో ప్యాకెట్టు యాభై రోజులు రావాలి. ప్యాకెట్టు కత్తిరించిన రోజున దాని మీదే పెన్నుతో తేదీ వేయండి. నెల తిరగకుండానే ఖాళీ అయితే లెక్క మీకే తెలుస్తుంది. పచ్చళ్ల ఉప్పు, బజ్జీల బండి దగ్గర తిన్న ఉప్పు ఇందులో కలవలేదని కూడా గుర్తుంచుకోండి.

ఆవకాయలో ఉప్పు తగ్గించమని నేను చెప్పను. తగ్గిస్తే బూజు పడుతుంది, ఏడాది కష్టం పారబోయాల్సి వస్తుంది. పచ్చడి వేసుకునే పూట పప్పులో ఉప్పు సగం చేయండి, మజ్జిగలో అసలు వేయకండి. కొంచెం కొంచెంగా తగ్గిస్తే కొన్ని వారాల్లో నాలుక సర్దుకుంటుంది. బ్రిటన్‌లో 2003 తర్వాత రొట్టెలు, తయారు ఆహారాల్లో ఉప్పును మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. దశాబ్దం తిరగకముందే జనం తినే ఉప్పు సుమారు 15 శాతం తగ్గింది. ఎవరూ వ్రతం పట్టలేదు, ఎవరి కోసమూ వేరే వండలేదు.

అన్నం సంగతీ అంతే. బాపట్ల పరిశోధన కేంద్రం బీపీటీ 5204 వరి వంగడం ఇచ్చిన డెల్టాలో అన్నం మానమంటే ఎవరు వింటారు? కూర ముందు వడ్డించి, కంచంలో సగం దానికి వదిలి, మిగతా సగంలో అన్నం, పప్పు సర్దుకుంటే చాలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు చెప్పిందీ దాదాపు ఇదే.

చిటికెడు ఉప్పు తగ్గిస్తే రోగాలు పోతాయా అని ఎగతాళి చేసేవారున్నారు. మా తాతలు గిన్నెడు అన్నంలో ఆవకాయ కలుపుకొని తొంభై ఏళ్లు బతికారనేవారూ ఉన్నారు. తాతలు నాగలి పట్టారు, కాలువ గట్ల వెంట మైళ్లు నడిచారు. షుగరు బాగా ముదిరినవారికి, కిడ్నీ జబ్బులున్నవారికి డాక్టరు చెప్పిన కట్టడి తప్పదు, నిజమే. మిగతా ఇంటిల్లిపాదికీ ఈ చిటికెడే రక్ష.

అసలు చిక్కు మరోచోట ఉంది. మగవారి ఆరోగ్యం మన ఇళ్లలో ఆడవారి చాకిరీ మీద నడుస్తోంది. ఉదయం ఐదున్నరకు ఆయన నడకకు బయలుదేరతాడు. అదే సమయానికి ఆమె రాగి జావ కాచి, పిల్లల బాక్సులు సర్దుతూ ఉంటుంది. ఆమెకూ నలభై దాటాయి, ఆమెకూ మోకాళ్లు నొప్పులే, ఆమె రక్తపోటు చూసి ఎన్నేళ్లయిందో ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఆ నడక వారంలో మూడు రోజులు ఆమెకు దక్కాలి. ఆ మూడు రోజులూ జావ ఆయన కాచాలి. దీన్ని ఆయన సహాయం చేయడమని పిలవడం నాకు ఒళ్లు మండే విషయం. తిన్న ప్రతి మనిషికీ వంటింట్లో వాటా ఉంటుంది. పైగా ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టని మగవాడికి తాను ఎంత ఉప్పు తింటున్నాడో ఎప్పటికీ తెలియదు.

విజయవాడ సూర్యారావుపేటలో, గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రులకు వచ్చే ఎంతో మందికి రోజూ ఆహార పట్టీలు రాసిస్తున్నారు. పట్టీ భర్త పేరు మీద ఉంటుంది, వివరాలు మాత్రం పక్కన కూర్చున్న భార్యకు చెబుతారు. డాక్టర్లు ఈ పద్ధతి మార్చాలి. వంట ఎవరు చేస్తారని ముందు అడగాలి. ఆమె పక్కనే ఉంటే అదే కుర్చీలో ఆమె బీపీ చూడాలి, హిమోగ్లోబిన్ పరీక్ష రాయాలి. ఉప్పు ప్యాకెట్టు మీద తేదీ వేసే పని ఆయనకు అప్పగించి, మళ్లీ వచ్చేటప్పుడు ఆ ప్యాకెట్టు పట్టుకు రమ్మని చెప్పాలి.