గ్రాఫ్ పేపర్ మీద పూసిన తోట

మా బావగారికి పూలతోట మీద మనసు పడగానే ముందు కొన్నది గ్రాఫ్ పేపరు. తర్వాత స్కెచ్ పెన్నుల డబ్బా, పొడుగాటి స్కేలు. "పార, గునపం అక్కర్లేదా?" అని అక్క అడిగితే, "తవ్వడానికేముంది, ఎవరైనా తవ్వుతారు. ముందు డిజైన్ తేలాలి" అన్నారు. ఆ 'ఎవరైనా' నేనేనని అప్పటికి నాకు తెలియదు.

వరండాకి ఎదురుగా, తూర్పు గోడ దాకా ఉన్న జాగా పొడవు పద్నాలుగడుగులు. దానికి ఆయన ఆదర్శంగా పెట్టుకున్నది గెర్ట్రూడ్ జెకిల్‌ని (1843–1932). ఆవిడ మొదట బొమ్మలు వేసేవారు. చూపు మందగించాక కుంచె పక్కనపెట్టి, రంగుల ముచ్చటంతా తోటల్లో తీర్చుకున్నారు. ఇంగ్లండులో సొంతింటి దగ్గర ఆవిడ పెంచిన పూలబారు రెండు కొసల్లోనూ నీలం, ఊదా, బూడిదాకుల లాంటి చల్లని రంగులు ఉండేవి. మధ్యకొచ్చేసరికి ఎరుపు, నారింజ భగ్గుమనేవి. బావగారు ఇదంతా వివరించి, "మనదీ అంతే" అన్నారు. ఆ పూలబారు పొడవు సుమారు 200 అడుగులు, వెడల్పు 14. అంటే ఆవిడ అడ్డం మనకి నిలువు. ఈ మాట నేను నోరు జారి అంటే, "స్కేలు తగ్గిస్తే సరిపోయె!" అని తీసిపారేశారు.

ప్లాను మాత్రం ఫ్రేము కట్టించుకునేంత బాగా వచ్చింది. మొక్క మొక్కకీ ఒక గుండ్రం, గుండ్రం గుండ్రానికీ ఒక రంగు. చిక్కల్లా ఒక్కటే. అది పైనుంచి కనిపించే తోట. కాకికి పనికొస్తుంది. మనం తోటని ఎదురుగా చూస్తాం, అదీ కుర్చీలో కూర్చుని. ఆ గుండ్రాలన్నిటికీ వెడల్పు ఉంది గానీ, ఒక్కదానికీ ఎత్తు లేదు.

ఇక నేల మీద గీత గీసే ఘట్టం. మడి అంచు తిన్నగా ఉంటే మోటుగా ఉంటుందట, వంపులు తిరగాలట. వంపులకి తోటపనివాళ్లు వాడే చిట్కా ఒకటుంది. నీళ్ల పైపుని నేల మీద పరిచి, కావలసిన వంపు వచ్చేదాకా అటూ ఇటూ సర్ది, దాని వెంబడి సున్నం పొడి చల్లుకుంటూ పోవాలి. మంచి చిట్కానే. ఆ సమయంలో పైపు కుళాయికి తగిలించి ఉండకూడదు, అంతే.

బావగారు ప్లాను చేత్తో పట్టుకుని వరండా మెట్టు మీద నిలబడ్డారు. "ఏవోయ్, అక్కడ పొట్ట కాస్త తగ్గించు. ఆఁ, ఇక్కడ నడుము లోపలికి నొక్కు. అంత కాదయ్యా!" నేను వంగి పొట్టలూ నడుములూ సర్దుతూ, గుప్పెళ్లతో సున్నం చల్లుతూ సగం దాకా వచ్చాను. ఇంటి వెనకనుంచి అక్క గొంతు వినిపించింది. "పైపు ఖాళీగానే ఉందిగా, మొక్కలకి నీళ్లు వదిలేస్తున్నా!"

ఇంకా మొక్కల్లేవు, ఉన్నది మేమే. పైపు ముందు ఒళ్లు విరుచుకుంది. కష్టపడి తెచ్చిన నడుము ఒక్కసారిగా నిటారైంది. సున్నం గీతని ఈడ్చుకుంటూ పోయి మరోచోట పెద్ద బొజ్జ పెట్టింది. కొస గాల్లోకి లేచి, నన్ను వదిలేసి, తిన్నగా ప్లాను మీదే పడింది. జెకిల్ గారి నీలం ఎరుపులోకి, ఎరుపు పసుపులోకి, అన్నీ కలిసి బావగారి లాల్చీలోకి దిగాయి.

ప్లానుని దండేనికి క్లిప్పులు పెట్టి ఆరేశాం. ఆరాక చూస్తే గుండ్రాలన్నీ ఒకటే బురద ఊదా. "ఫర్వాలేదు, మొత్తం నా బుర్రలో ఉంది" అన్నారాయన. ఇంతకంటే భయపెట్టే మాట ఆ రోజు ఇంకొకటి వినలేదు. ఆ బొజ్జ ఇప్పటికీ అలాగే ఉంది. చూడవచ్చినవాళ్లకి అది నేచురల్ కర్వ్ అని చెబుతుంటారు.

విత్తనాల ప్యాకెట్‌కి ముందువైపు బొమ్మ ఉంటుంది. మొక్క ఎత్తెంత, ఎంత ఎడంగా నాటాలి, ఎండ ఎంత కావాలి అన్నవి వెనకవైపు చిన్నక్షరాల్లో ఉంటాయి. బావగారు ముందువైపే చదివారు. అడుగు ఎత్తు మించని పొట్టి బంతిని వెనక్కీ, కాస్మోస్‌ని ముందు వరసకీ వేయించారు. పైగా కాస్మోస్‌కి కంపోస్టు దగ్గరుండి మరీ కొసరి కొసరి వేశారు. దానికి బీద నేలే సుఖం. ఎక్కువ మేపితే ఆకూ కాడా పెంచుకుంటూ పోతుంది తప్ప పువ్వు జోలికి రాదు. అది మోకాలు దాటింది, నడుము దాటింది, అక్క తల దాటింది. దాని వెనక బంతి విరగబూసిందని మాకు తెలిసింది, పైన బట్టలు ఆరేయడానికి మేడెక్కినప్పుడే. అక్కణ్ణుంచి చూస్తే, ఒప్పుకోవాలి, అచ్చం ప్లానులో ఉన్నట్టే ఉంది.

మధ్యలో పూల గడియారం ముచ్చట కూడా తీరింది. ఏ పువ్వు ఏ గంటకి విచ్చుకుంటుందో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1751లోనే పట్టిక రాసిపెట్టాడట. ఇంకేం, పగటికి మెట్ల పక్కన నాచుపూలు, సాయంత్రానికి చంద్రకాంత. నాచుపూలు బాగా ఎండెక్కితే గానీ కళ్లు తెరవవు. బావగారు ఆఫీసుకి వెళ్లాక విచ్చుకుని, ఆయన వచ్చేలోపు ముడుచుకునేవి. సెలవు రోజున చూద్దామంటే మబ్బు పట్టింది, గడియారం ఆగిపోయింది. చంద్రకాంత పాపం వేళకే పూసేది, కాకపోతే కాస్మోస్ వెనక. "వాసన వస్తోంది, సాయంత్రమైంది" అనేవారు బావగారు తృప్తిగా. అక్క గోడ గడియారం వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసేది.

అసలు ఆయన ఆశలన్నీ గోడవార వేసిన పొద్దుతిరుగుడు మీద. మొగ్గ దశలో అవి నిజంగానే మురిపించాయి. పొద్దున తూర్పుకి చూసి, సాయంత్రానికి మెల్లగా పడమటికి, అంటే వరండా వైపు తిరిగేవి. "చూశావటోయ్, నేనొచ్చే వేళకి నా వైపు తిరుగుతున్నాయి" అని ఆఫీసు బ్యాగు కూడా దించకుండా పొంగిపోయేవారు. లేత మొక్క అలా తిరగడానికి కారణం కాండమే. పగలు దాని తూర్పు పక్క ఎక్కువ పెరుగుతుంది, రాత్రి పడమటి పక్క. పూర్తిగా పూసేనాటికి ఆ పెరుగుదల ఆగిపోతుంది. ఆ తర్వాత పువ్వు ముఖం తూర్పుకే ఉండిపోతుంది.

అలాగే ఉండిపోయింది. పళ్లెమంత పూలన్నీ విచ్చుకుని వరుసగా మాకు వీపు చూపించాయి. వరండాలోంచి కనిపించేవి పచ్చటి మెడలే.

"రేపు తిరుగుతాయేమో" అన్నారు బావగారు.

తిరగవు బావా, పొద్దుటెండకి ముఖం వెచ్చబడితే తేనెటీగలు ఎక్కువొస్తాయి, 2016లో సైన్స్ పత్రికలో వేశారు, కుండీలు పడమటికి తిప్పి కూడా చూశారు, తూర్పుకున్న పూలకే ఐదు రెట్లు వచ్చాయట అని చెప్పాను. ఆయన నా వైపు, ఆ పరిశోధన నేనే చేయించినట్టు చూశారు.

"పూలు తిరగకపోతే కుర్చీ తిరుగుతుందిగా. పట్టుకెళ్లి గోడవతల వేసుకోండి" అంది అక్క.

గోడవతల అప్పటికే ఒక కుర్చీ ఉంది. అందులో పక్కింటి పెద్దాయన పేపరు చదువుకుంటూ ఉన్నారు. మమ్మల్ని చూడగానే లేచి గోడ దగ్గరికి వచ్చారు.

"ఏమండీ, పొద్దున్నే కిటికీ తీస్తే కళ్లు చెదిరిపోతున్నాయనుకోండి! మీ శ్రమ ఊరికే పోలేదు" అని, కాస్త మొహమాటపడుతూ, "ఏమీ అనుకోకపోతే ఒక్క మాట. ఎడం చివర కొంచెం బోసిగా ఉంది. వచ్చేసారి అక్కడ కూడా రెండు వేయించకూడదూ?"

బావగారు జేబులోంచి పెన్ను తీశారు.

"మీకు ఎడమ అంటే మాకు కుడేగా?"