రికార్డు మీద వేలు పెట్టమన్నదెవరు?

గ్రామఫోను రికార్డును అంచులు పట్టుకునే ఎత్తాలి, గాడి మీద వేలు పడరాదు. పెద్దలు పెట్టిన ఈ కట్టుబాటును తుంగలో తొక్కిన ఊరు న్యూయార్క్, పేట బ్రాంక్స్. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో చెల్లెలి పార్టీకి పాటలు వేసిన డీజే కూల్ హెర్క్‌తో మొదలైంది రికార్డునే వాద్యంలా వాయించే ఈ అనాచారం. పాటలో గాయకుడు నోరు మూసుకుని డ్రమ్ములొక్కటే మోగే చోటే జనం ఎగురుతున్నారని ఆయన కనిపెట్టాడు. ఆ ముక్కనే సాగదీయడానికి ఒకే రికార్డు రెండేసి ప్రతులు వాడాడు. ఎంత దుబారా!

తర్వాత వచ్చిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ఏకంగా రికార్డు మీదే క్రేయాన్‌తో గీత గీశాడు. చిన్నపిల్లల పని అందామంటే లెక్క అడ్డొస్తోంది. నిమిషానికి 33⅓ చుట్లంటే చుట్టుకు 1.8 సెకన్లు. నిమిషానికి 100 దెబ్బల పాటలో చుట్టుకు మూడు దెబ్బలు. నాలుగు దెబ్బల ఆవర్తనం మళ్ళీ మొదటికి రావాలంటే రికార్డును ఒక చుట్టు, పైన మూడో వంతు వెనక్కి తిప్పాలి. అవతలి రికార్డులో అదే ఆవర్తనం మోగే 2.4 సెకన్లలోపే ఇది అయిపోవాలి. గీత ఎన్నిసార్లు దాటిందో చూసుకుంటూ తిప్పుతారు. డ్రమ్మరు మనిషే కాబట్టి వేగం అటూఇటూ అవుతుంది. ఆ తేడాను చెవితో పట్టి, వేగం పెంచి తగ్గించే మీట (పిచ్ స్లైడర్)తో సర్దాలి. ఇదంతా సంగీతం కాదట, ఎవరిదో పాట వేయడమేనట. మేమూ అదే అంటున్నాం, కాకపోతే లెక్క చూశాక గొంతు కాస్త తగ్గింది.

ఇక రికార్డును తిప్పే పళ్ళెం మీది రబ్బరు చాప రికార్డును గట్టిగా పట్టేస్తుంది. అందుకని దాని బదులు, రికార్డు జారేలా, ఫెల్ట్ గుడ్డకు గంజి పెట్టి బిగువు తెచ్చి పరిచారు. పైన రికార్డును ఆపినా కింద పళ్ళెం తిరుగుతూనే ఉంటుంది, వదలగానే వేగం అందుకుంటుంది. బెల్టు మోటారైతే బెల్టు జారి పాట ఈడుస్తుంది, నేరుగా తిప్పే మోటారే కావాలి.

అమ్మ తిట్లు వినడానికి రికార్డును చేత్తో ఆపి, ఆగిన చెయ్యి ఊరుకోక ముందుకూ వెనక్కూ కదిపిన కుర్రాడు థియోడర్. ఆ గరగరే స్క్రాచ్. ఇప్పుడు దానికి ఎన్ని శాఖలో! ‘క్రాబ్’ సంగతే చూడండి. బొటనవేలు ఫేడర్‌ను, అంటే శబ్దాన్ని తెరిచి మూసే మీటను, మూసేవైపు నెడుతుంటే మిగతా వేళ్ళు ఒకదాని వెంట ఒకటి తట్టి తెరుస్తాయి. రికార్డు మీది చెయ్యి ఒక్కసారి కదిలేలోపు శబ్దం మూడు నాలుగు తునకలవుతుంది.

శిక్షలూ లేకపోలేదు. సూది బరువు తక్కువైతే ఎగిరిపోతుంది, ఎక్కువైతే గాడిని తినేస్తుంది. రికార్డు నడిమి రంధ్రం వదులైతే ఊగులాట తప్పదు, ఇరుసుకు సన్నని టేపు చుట్టాలి. ఒకేచోట రుద్దీ రుద్దీ అక్కడ బుసబుసమనే శబ్దం పుడుతుంది. చివరికి అరిగేది డ్రమ్ముల ముక్క ఒక్కటే, మిగతా రికార్డంతా కొత్త పెళ్ళికూతురులా నిగనిగలాడుతుంది. అందులో గొంతు చించుకున్న గాయకుణ్ణి మాత్రం ఎవరూ విననే లేదు. ఆయన తరఫున దావా వేసేదెవరు?