బుల్బిళ్ల పంపకం దసరాకే పెట్టుకుందాం

అమెరికాలోని మన తెలుగు సంఘాల్లో మొక్కల పంపకం ఏప్రిల్, మే నెలల్లోనే జరుగుతుంది. గోంగూరకీ బీర నారుకీ అదే అదను. బెగోనియా బుల్బిళ్లకి, అంటే ఆ పూలమొక్క కాండం మీద కట్టే చిట్టి దుంపలకి మాత్రం అప్పటికే పుణ్యకాలం దాటిపోతుంది. వాటి పంపకం దసరా, బతుకమ్మ సంబరాల దగ్గరే పెట్టాలని నా వాదన.

నేను చెబుతున్నది చైనాకి చెందిన బెగోనియా గ్రాండిస్ గురించి. రెండడుగుల మొక్క. ఆకు తిప్పి చూస్తే ఎర్రటి ఈనెలు, ఆగస్టు నుంచి గులాబీ రంగు పూలు. ఏదీ రాదని వదిలేసిన నీడ జాగాలో హాయిగా పెరుగుతుంది. అమెరికా చలి పటంలో జోన్ 6 అని గుర్తించిన చోట్ల పడే గడ్డకట్టే చలిని కూడా దీని దుంప నేలలోనే తట్టుకుంటుంది. ఏటా మేలో పూలకుండీలు కొని, అక్టోబరులో చెత్తలో పడేసేవాళ్లకి ఇదొక్కటి కొంటే చాలు.

సెప్టెంబరులో పగళ్లు కురచయ్యేసరికి ఆకుకాడ కాండాన్ని కలిసేచోట చిట్టి దుంపలు కడతాయి. అవే బుల్బిళ్లు. కొన్ని జొన్నగింజంత, కొన్ని బఠాణీలో సగం. వరండా లైటు రాత్రంతా పడేచోట ఇవి ఆలస్యంగా కడతాయి, ఎందుకంటే రాత్రి పొడుగుని బట్టే మొక్క రుతువు పోల్చుకుంటుంది. వేలు తగలగానే ఊడి వస్తే పండినట్టే. పచ్చిగా ఉన్నవాటిని గిల్లితే వారంలో వడిలిపోతాయి.

అసలు కిటుకు చలిలో ఉంది. రెండు మూడు నెలలు చల్లగా ఉంటే తప్ప బుల్బిల్ సరిగా నిద్రలేవదు. టిష్యూలో చుట్టి వంటింటి సొరుగులో పడేసినవి ఏప్రిల్‌కల్లా మిరియాల్లా ముడుచుకుపోతాయి. వాటిని తీసుకున్నవాళ్లు మొలకలు రాలేదని మొక్కనే తిట్టుకుంటారు. అక్టోబరులోనే చేతికిస్తే చలికాలం వాళ్ల ఫ్రిజ్‌లోనే గడుస్తుంది. గట్టిగా పిండేసిన కొబ్బరి పొట్టులో కలిపి, రెండు మూడు చిల్లులు పొడిచిన జిప్ సంచిలో 4-5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టారో, కుళ్లిపోతాయి. నెలకోసారి తెరిచి, బూజు పట్టినవి ఏరెయ్యండి.

మీ ఊళ్లో మంచు పడే ఆఖరి తేదీకి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు బయటికి తీయండి. రెండు పాళ్లు కొబ్బరి పొట్టు, ఒక పాలు పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల పలుకులు) కలిపిన ట్రేలో పైపైనే అదిమి, నాలుగైదు మిల్లీమీటర్లకి మించకుండా కప్పండి. లోతుగా పాతితే ఆ కాస్త దుంపలోని సత్తువ పైకి రాకముందే అయిపోతుంది. 20 డిగ్రీల వెచ్చదనం, పైన పారదర్శకమైన మూత, రోజుకోసారి గాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో మొలకలు కనిపిస్తాయి, కొన్ని ఇంకా మొండికేస్తాయి. నీళ్లు కింది నుంచే పెట్టండి. ఎప్పుడూ తడిగా ఉండే ట్రేలో చిన్న నల్ల దోమల్లాంటి పురుగులు చేరి, వాటి పిల్లలు లేత వేళ్లు కొరికేస్తాయి. రెండు మూడు ఆకులొచ్చాక చిన్న కుండీలోకి మార్చండి. రాత్రి చలి 10 డిగ్రీల కంటే తగ్గనప్పుడే, వారంపాటు బయటి గాలికి అలవాటు చేసి నేలలో పెట్టండి. మొదటి ఏడు పూయకపోతే కంగారొద్దు.

రెండో ఏడు చాలామంది మొక్కని చేజేతులా చంపేది మే నెలలోనే. ఇది అన్నిటికంటే ఆలస్యంగా లేస్తుంది. చచ్చిందనుకుని గునపం వేసేస్తారు. శరదృతువులోనే పక్కన ఒక పుల్ల గుచ్చి పెట్టండి.

దుకాణాల్లో అమ్మే పెద్ద ముద్దపూల బెగోనియాలు వేరే రకం, వాటి నుంచి బుల్బిళ్లు ఆశించకండి. ఆ దుంపని గుంట ఉన్న వైపు పైకి వచ్చేలా పెట్టాలి, చలికాలం తవ్వి దాచుకోవాలి.

ఇంకో సంగతి. డిసెంబరు ప్రయాణంలో ఇవి సూట్‌కేసులో వేసుకుని హైదరాబాద్ తీసుకెళ్లాలనిపిస్తుంది. 2003 నాటి భారత ప్రభుత్వ ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం నాటే దుంపలకి దిగుమతి పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవనే ధ్రువపత్రం) కావాలి. పైగా దక్కన్ ఎండకి ఇది నిలబడే మొక్క కాదు.