కంపెనీ కాలం నాటి డాలు

1947లో మీరట్ పోలీసులు అనుమానంతో ఒక బంగారు వ్యాపారిని పట్టుకొని, దగ్గరున్న వెండి, 103 తులాల పైచిలుకు బంగారం మాల్‌ఖానాలో, అంటే జప్తు సొత్తు దాచే పోలీసు గదిలో పెట్టారు. తర్వాత మనిషిని వదిలేశారు, వెండి ఇచ్చేశారు. బంగారాన్ని మాత్రం దానికి కాపలా ఉన్న హెడ్ కానిస్టేబులే ఎత్తుకొని పాకిస్తాన్ పారిపోయాడు. పోలీసుల నిర్లక్ష్యం నిజమేనని సుప్రీంకోర్టు 1964లో ఒప్పుకుంది. అయినా పైసా ఇప్పించలేదు. అరెస్టు, సోదా, జప్తు సార్వభౌమాధికారాలట, అంటే రాజ్యానికి మాత్రమే ఉండే అధికారాలట. వాటి ముసుగులో జరిగిన నష్టానికి సర్కారు పూచీ లేదట!

ఈ వాదన మూలం రాజ్యాంగం 300వ అధికరణంలో ఉంది. ఆ దారి వెనక్కి తవ్వుకుంటూ పోతే ఈస్టిండియా కంపెనీ దగ్గర తేలుతుంది. కంపెనీ మీద దావా వేయగలిగిన చోటే నేటి ప్రభుత్వం మీదా వేయాలి. రాజు తప్పు చేయడన్న సూత్రం పుట్టిన ఇంగ్లండేమో 1947లోనే చట్టం చేసి దాన్ని వదిలించుకుంది.

మన దగ్గరా చట్టం తెమ్మని 1956లో లా కమిషన్ తన మొట్టమొదటి నివేదికలోనే చెప్పింది. 1965లో, 1967లో బిల్లులు వచ్చి మురిగిపోయాయి. ఆ ఖాళీని కోర్టులే పూడుస్తూ వచ్చాయి. నిర్దోషిగా తేలాక కూడా 14 ఏళ్లు జైల్లో మగ్గిన బిహార్ ఖైదీకి 1983లో పరిహారం ఇప్పించారు. మన రాష్ట్రంలో జప్తు చేసిన ఎరువులను పాడుపెట్టి తిరిగిచ్చిన కేసులో, 1994లో సర్కారుదే బాధ్యతన్నారు. అయితే మీరట్ తీర్పును ఎవరూ సూటిగా కొట్టేయలేదు. అందుకే ప్రభుత్వ ప్లీడర్లు దాన్ని పట్టుకుని వేలాడుతూనే ఉంటారు. బాధితుడికి ఎంత వస్తుందో, అసలు వస్తుందో రాదో అతని అదృష్టం, వకీలు ఓపిక. వచ్చినా అది ఖజానా సొమ్ము, అంటే మన పన్నులే. తప్పు చేసిన అధికారి జీతంలో కోత పడటం ఎంత అరుదో వేరే చెప్పాలా?

పార్లమెంటు ఆ పాత బిల్లు దుమ్ము దులపాలి. పరిహారం సొమ్మును తప్పు చేసిన అధికారి నుంచి రాబట్టే నిబంధన కూడా అందులో ఉండాలని మేం కోరుతున్నాం. చట్టం లేకపోతే ఏమవుతుందో చూడండి. అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైల్లో 1977లో ఒక విచారణ ఖైదీ బాంబుదాడిలో చనిపోయాడు. ప్రాణభయం ఉందని ముందే మొరపెట్టుకున్నా తగిన కాపలా పెట్టలేదు. వారసులు కోర్టుకెక్కితే సర్కారు మళ్లీ అదే సార్వభౌమ పాట పాడింది, దావా గడువు దాటిందని కూడా అంది. హైకోర్టు 1,44,000 రూపాయలు ఇవ్వమంటే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ ఓడింది 2000లో. అప్పటికి 23 ఏళ్లు.