కిల్టు కుట్టడమంటే ఫాల్ కుట్టడం కాదు తల్లీ

ఇప్పుడే వెళ్లింది మహాతల్లి. కిల్టు, అంటే ఇక్కడ స్కాట్లండ్‌లో మగవాళ్లు వేసుకునే కుచ్చిళ్ల లంగా, కుట్టడానికి టేబుల్ మీద పరిచిన టార్టన్ (గళ్ల ఉన్ని) గుడ్డ చూసి "ఇంత గుడ్డ దేనికే, సగం చాలు, మిగిలినదాంట్లో మా పాపకో గౌను కుట్టిపెట్టు" అనేసి, టీ తాగేసి మరీ వెళ్లింది. గ్లాస్గోలో ఇన్నేళ్లుగా ఉంటూ, ఏటా జనవరి 25న ఇక్కడి కవి బర్న్స్ పుట్టినరోజుకి జరిపే బర్న్స్ నైట్‌కి వాళ్లాయనకి కిల్టు అద్దెకు తెచ్చే మనిషి!

సగం చాలట. మగవాళ్ల కిల్టుకి ఎనిమిది గజాలు అన్నది నేను కనిపెట్టిన లెక్కా? డబుల్ వెడల్పు గుడ్డ కాబట్టి నాలుగు గజాలు కొని, పొడవునా మధ్యకి కత్తిరించి, రెండు ముక్కలూ కలిపి, ఆ అతుకు ఏదో ఒక మడత లోపల కనబడకుండా దాచాలి. "చీర కుచ్చిళ్లు పోసినట్టే కదా" అని ఇంకో మాట. చీర కుచ్చిళ్లు రాత్రికి విప్పేస్తాం, ఇవి ఏళ్ల తరబడి అలాగే నిలబడాలి! అందుకే కదా గజానికి 16 ఔన్సులు తూగే మందపాటి ఉన్ని గుడ్డ తెచ్చింది, పల్చటిదైతే మడత నిలవదు, గాలికి ఎగురుతుంది, ఇక్కడి గాలి సంగతి చెప్పక్కర్లేదు.

అసలు పనంతా లెక్కలోనే ఉంది. గళ్లు ఎన్ని అంగుళాలకి ఒకసారి తిరిగొస్తాయో ముందు కొలవాలి, నా గుడ్డలో ఆరు. ఒక్కో కుచ్చిలి ఆరంగుళాల పైనే మింగేసి బయటికి అంగుళం లోపే కనిపిస్తుంది, అలా పెడితేనే వెనక కూడా ముందున్న గళ్లే పడతాయి. సైనికుల కిల్టుల్లోలా ప్రతి కుచ్చిలి మీదా ఒకే గీత రావాలంటే అది వేరే లెక్క. పైగా నడుము దగ్గర సన్నం, కిందికొచ్చేసరికి వెడల్పు, గీత తప్పకుండా చేత్తో కుట్టుకుంటూ రావాలి. ఇదంతా సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటుంటే ఈవిడ "కింద అంచు మడవడం మర్చిపోయావే" అని సలహా. మడవరమ్మా! నేతలో వచ్చిన అంచే కిందికి వస్తుంది! 1746లో ఇక్కడ మగవాళ్లు ఈ బట్టలు వేసుకోకూడదని చట్టం పెట్టారు, 1782లో ఎత్తేశారు, ఎందుకు ఎత్తేశారో అనిపించింది ఆ క్షణాన.

అయినా గుడ్డ గురించి కాదు నా మంట. కుట్టుమిషను ఉన్న పాపానికి ఊళ్లో తెలుగువాళ్ల ఫాల్సన్నీ నావే. "ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అని సంచీలో నాలుగు చీరలు, పైన రెండు జాకెట్లు లూజు చేయాలి, దారం కూడా నాదే. పెళ్లిళ్ల సీజనులో అర్ధరాత్రి దాకా కుట్టిస్తే ఒకావిడ ఏమిచ్చిందో తెలుసా? డబ్బాడు మిక్చరు, అదీ డబ్బా తిరిగిచ్చేయమని. అదే ఆవిడ ఇండియా నుంచి జాకెట్టు కుట్టించి తెప్పించుకుంటే టైలరుకీ, కొరియరుకీ కిక్కురుమనకుండా కట్టింది.

ఇకనుంచి ఫాల్‌కి ఐదు పౌన్లు, జాకెట్టు లూజుకి ఎనిమిది, దారం మీరే తెచ్చుకోవాలి. గౌన్లు కుట్టను. స్క్రీన్‌షాట్ తీసి ఆవిడకి పంపేవాళ్లు నిరభ్యంతరంగా పంపుకోండి.